గ్రూపులో వయసు మీద వెటకారం: అడ్మిన్ ఏం చేయాలి, ఎక్కడ ఊరుకోవాలి

మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. 36 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. దాని వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ని నేనే. ఇంకెవరూ ఒప్పుకోక నా మెడకు చుట్టారు. పగలు ఆటోనగర్‌లో ఒక లారీ ఆఫీసులో లెక్కలు రాస్తాను, అక్కడొక గ్రూపు. గుంటూరులో డిగ్రీ చదివిన బ్యాచ్‌ది ఒకటి, అత్తగారి వైపు చుట్టాలది ఇంకొకటి. నేను పుట్టింది దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది, అంటే 1977. కుర్రాళ్ళకు ఆంటీని, పెద్దవాళ్ళకు ఇంకా అమ్మాయినే. అందుకే రెండు వైపుల ఫిర్యాదులూ నా దగ్గరికే వస్తాయి.

రాజకీయాలకీ మెయింటెనెన్స్ బాకీలకీ గ్రూపులు బద్దలవుతాయని అందరికీ తెలుసు. వయసు మీద వెటకారం చప్పుడు లేకుండా పని చేస్తుంది. ఒకరు ఒక మాట విసురుతారు, పదిమంది నవ్వు బొమ్మలు పెడతారు, అంతే. ఆ మనిషి గ్రూపులోంచి వెళ్ళిపోడు కూడా. అన్నీ చదువుతూనే ఉంటాడు, మాట్లాడటం మానేస్తాడు.

బెజవాడలో వెటకారం లేకుండా పూట గడవదు. దాన్ని నిషేధిద్దామని చూస్తే జోకులు అడ్మిన్ మీదకే తిరుగుతాయి. కాబట్టి జోకు ఎంత ఘాటుగా ఉందని కొలవకండి. మర్నాడో ఆ మర్నాడో ఆ మనిషి మామూలుగా "నీళ్ళ ట్యాంకర్ వచ్చిందా?" అని అడిగాడా లేదా చూడండి. అడిగితే ఆ జోకు జోకే, వదిలేయండి. వారమైనా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు మీకు పని పడినట్టు.

మనిషి మాట్లాడకపోతే ఏం కొంప మునిగిందని అడిగేవాళ్ళకు నిజంగానే మునిగిన సంగతి చెప్తాను.

2024 ఆగస్టు 31, శనివారం. పొద్దుటి నుంచీ కుండపోత. మా గ్రౌండ్ ఫ్లోర్‌లో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు, ఎనభై ఏళ్ళ మనిషి. సాయంత్రం ఆయన గ్రూపులో పెట్టారు: "2005లో బుడమేరు పొంగినప్పుడు మన వీధిలో నడుముల్లోతు నీళ్ళు. వెలగలేరు లాకుల దగ్గర ఎలా ఉందో ఎవరైనా కనుక్కోండి. బళ్ళు రాత్రికే ఎత్తు మీద పెట్టుకోవడం మంచిది." కింద వచ్చిన మొదటి జవాబు: "వార్తలు సమాప్తం, ఇంతటితో మాస్టారి వాతావరణ కేంద్రం ప్రసారాలు ముగిశాయి." దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. ఇంకొకాయన, "అంకుల్, రేపు వాన తగ్గుతుందని గూగుల్‌లో ఉంది, టెన్షన్ పడకండి" అన్నారు.

గూగుల్ చెప్పింది మా నెత్తి మీద పడే వాన సంగతి. బుడమేరు మా ఊరి పక్కన పారే వాగు, దాని నీళ్ళు ఎగువ నుంచి, కొండపల్లి వైపు నుంచి వస్తాయి. మా వీధిలో చుక్క పడకపోయినా వస్తాయి. అది తెలిసిన ఒక్క మనిషీ ఆ తర్వాత ఇంకో ముక్క రాయలేదు. ఆదివారం నీళ్ళు వచ్చేశాయి. సెల్లార్లో బండి ఉన్న ప్రతివాడి బండీ మునిగింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, 2009 నాటి రికార్డు కూడా చెరిగిపోయింది. ఇక బుడమేరు నీళ్ళు కృష్ణలో కలిసే వీలెక్కడ?

తర్వాతి రోజుల్లో మాకు పాలూ మంచినీళ్ళూ అందాయంటే అది కుర్రాళ్ళ చలవ. ఇదీ చెప్పాలి. ఎవరికి ఇన్సులిన్ కావాలో, ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉందో ఫ్లాట్ల వారీగా రాసుకున్నారు. కరెంటు లేదు కాబట్టి అంతస్తుకు ఒక ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచి మిగతావి ఆపించారు. లొకేషన్ పంపి పడవను మా సందులోకి రప్పించారు. నీళ్ళ కింద డ్రైనేజీ కాలవ ఎక్కడుందో, ఏ పక్కన నడిస్తే కాలు పడకుండా ఉంటుందో మాస్టారు రెండో అంతస్తు బాల్కనీలో నిలబడి చెప్పారు, వాళ్ళు విన్నారు. అదే వినికిడి శనివారం సాయంత్రం ఉంటే కొన్ని బళ్ళయినా మిగిలేవి.

దీని మీద మా గ్రూపులో పెట్టుకున్న నియమం ఒక్కటే. నీళ్ళు, కరెంటు, గ్యాస్, డబ్బు, ఆరోగ్యం: వీటి మీద ఎవరు హెచ్చరిక పెట్టినా మొదటి జవాబు జోకు కాకూడదు. రెండోది జోకైనా పర్లేదు. ఆ మొదటి జవాబు అడ్మినే ఇచ్చేస్తే మరీ మంచిది, అదీ ప్రశ్నగా. "మాస్టారూ, అప్పట్లో నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి?" అని అడిగితే చాలు, తర్వాతి నలుగురూ ఆ దారినే వస్తారు. నవ్వులో మొదటివాడిని చూసి మిగతావాళ్ళు నవ్వినట్టే, అడగడంలోనూ మొదటివాడిని చూసే అడుగుతారు.

అపార్థమో వెటకారమో ముందు తేల్చుకోండి

సగం గొడవల్లో అసలు ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. బొటనవేలు ఎత్తిన బొమ్మ పెడితే పెద్దవాళ్ళ లెక్కలో "సరేనమ్మా, అందింది" అని. ఇరవై ఏళ్ళ వాళ్ళకు అది "ఇక చాలు, ఆపు" అన్నట్టు వినిపిస్తుంది. వాక్యం చివర చుక్క పెడితే కోపం వచ్చిందనుకుంటారు. మనం జీవితమంతా చుక్కలు పెట్టే రాశాం, ఏం చేస్తాం! అటు నుంచి, పెద్దాయన నాలుగు పేరాలు రాస్తే కుర్రాడు "కె" అని ఒక్క అక్షరం కొడతాడు. పెద్దాయనకు అది తలుపు మొహాన వేసినట్టు.

మాస్టారి విషయమే ఇంకొకటి. నిరుడు వాళ్ళ పెళ్ళిరోజుకు పాత ఫొటో పెట్టారు. బెల్‌బాటం ప్యాంటు, చెవుల దాకా కాలరు, పక్కన జడనిండా పూలతో ఆవిడ. "అప్పట్లో మేమూ హీరోలమే" అని కింద రాశారు. మూడో అంతస్తు కుర్రాడు దానికి పుర్రె బొమ్మ పెట్టాడు. వాళ్ళ వాడకంలో అది "నవ్వలేక చచ్చాను" అని. పెళ్ళిరోజు నాడు పుర్రె చూసి ఆ పెద్దావిడ పొద్దున్న పెట్టిన పాయసం కూడా ముట్టలేదట.

నేను గ్రూపులో ఏమీ రాయలేదు. కుర్రాడికి ఫోన్ చేసి, "కిందికెళ్ళి ఆ బొమ్మకు అర్థమేంటో నువ్వే చెప్పిరా" అన్నాను. "సారీ అని పెట్టేస్తా ఆంటీ" అన్నాడు. వద్దన్నాను. గ్రూపులో సారీ పెడితే అప్పటిదాకా చూడనివాళ్ళు కూడా ఏం జరిగిందా అని పైకి జరిపి చూస్తారు. గొణుక్కుంటూ వెళ్ళాడు, గంటన్నరకు గానీ రాలేదు. ఆల్బమ్ మొత్తం చూపించి, మిగిలిన పాయసం పెట్టి పంపించారు. ఇప్పుడు మాస్టారే వాడి క్రికెట్ ఫొటోలకు పుర్రెలు పెడుతున్నారు. వాళ్ళమ్మ చూసి హడలిపోతోంది.

కాబట్టి వరస ఇది: ముందు పెట్టినవాళ్ళను విడిగా అడగండి, ఏ ఉద్దేశంతో పెట్టావని. అపార్థమైతే మనిషినే మనిషి దగ్గరికి పంపండి. పక్క ఊళ్ళో ఉంటే ఫోన్ చేయించండి. పంచాయతీ మాత్రం గ్రూపులో పెట్టకండి.

గుడ్ మార్నింగ్ బొమ్మల మీద కుర్రాళ్ళ ఏడుపు నాకు తెలుసు. ఫోన్ నిండిపోతోందంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫొటోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపుకోండి, నిమిషం పని. మా నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే ఆవిడ రోజాపువ్వు ఆరున్నరకు రాకపోతే ఎదురింటివాళ్ళు వెళ్ళి తలుపు కొడతారు. ఆ పువ్వును ఆపమని నేనైతే చెప్పను. అదే పువ్వు మధ్యాహ్నం లిఫ్ట్ రిపేరు మెసేజ్‌ల మధ్యలో ఇంకో నలుగురు పంపితే మాత్రం చెప్తాను.

"బూమర్ అంకుల్" అన్నప్పుడు

ఆ పేరు అమెరికా లెక్క. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1946 నుంచి 1964 దాకా అక్కడ కాన్పులు బాగా పెరిగాయి, ఆ పిల్లల తరానికి పెట్టుకున్న పేరు. 2019 నవంబరులో న్యూజిలాండ్ పార్లమెంటులో వాతావరణ మార్పుల మీద మాట్లాడుతున్న 25 ఏళ్ళ ఎంపీ క్లోయి స్వార్‌బ్రిక్, మధ్యలో అడ్డు తగిలిన పెద్ద సభ్యుడిని "ఓకే బూమర్" అని ఒక్క మాటతో దాటేసింది. అప్పటికే తిరుగుతున్న ఆ మాట ఇంకా పాకింది, పాకి పాకి మా సింగ్ నగర్ చేరింది. ఇక్కడ దాన్ని నలభై దాటిన ప్రతివాడికీ తగిలిస్తున్నారు. 1944లో పుట్టిన మాస్టారు ఆ లెక్కలోకి రానే రారు. 1981లో పుట్టిన ఐదో అంతస్తు ఆయన అదే లెక్క ప్రకారం మిలీనియల్, అంటే బూమర్ల తర్వాత ఇంకో తరం దాటాక వచ్చినవాడు.

దీనికి కోప్పడొద్దు. "ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా బాబూ బూమర్లు?" అని అమాయకంగా అడగండి. వాడు వెతుక్కుని వచ్చేలోపు అందరూ తాము పుట్టిన ఏడాది, ఆ ఏడాది వచ్చిన తుపాను, అప్పటి బియ్యం ధర చెప్పడం మొదలుపెడతారు. అసలు గొడవ ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు.

ఆడవాళ్ళ విషయంలో ఇంత తేలిగ్గా పోదు. రోజూ నన్ను ఆంటీ అనే పిల్లలే నాకు అన్నం పెట్టమని వస్తారు, దానికేం బాధ లేదు. వాదనలో ఓడిపోతున్నప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి అదే మాట వాడతాడు చూడండి, దాని సంగతి వేరు. 2022 ఆగస్టులో ఒక తెలుగు యాంకర్ ఆ పిలుపుతో వేధిస్తున్నారని అభ్యంతరం చెప్తే, ఆ మాటనే ట్రెండింగ్ చేసి కూర్చున్నారు. మా గ్రూపుల్లో పని విషయాలకు అందరూ పేరు పక్కన "గారు" పెడతారు, ఇరవై ఏళ్ళ పిల్లలకు కూడా. చుట్టరికాలు మెట్ల మీద కలిసినప్పుడు కలుపుకుంటాం.

చిన్నవాళ్ళ నోరు మూయించడం

దీన్ని ఎవరూ వెటకారం అనుకోరు, మందలింపు అనుకుంటారు. అందుకే ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వయసు వివక్ష మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ఇద్దరిలో ఒకరికి పెద్దవాళ్ళ మీద చిన్నచూపు ఉందని అందులో ఉంది. ఐరోపాలో అయితే తమ వయసు చూసి తక్కువ చేశారని ఎక్కువగా చెప్పింది చిన్నవయసువాళ్ళేనని కూడా అందులోనే ఉంది. మన దగ్గర దానికి సర్వే ఎందుకు, "నిన్నగాక మొన్న పుట్టావు" అనే మాట విననివాడెవడు?

మా నెల మెయింటెనెన్స్ 2,500 రూపాయలు. ఒకసారి నోటీసులో దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి, ఇంటికి 450 అదనంగా అడిగారు. రెండో అంతస్తులో సీఏ ఇంటర్ చదివే అమ్మాయి గ్రూపులో రాసింది: "ఒక్కో ఇంటికి నెలకు 7,500 దాటితేనే పన్ను. అదీ సంఘం ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటితేనే. మనవి 10 లక్షల 80 వేలు." దానికి ఒక పెద్దాయన జవాబు: "బాగా చదువుకో తల్లీ, ఇవి పెద్దవాళ్ళు చూసుకుంటారు." వెంటనే నాలుగు దండాల బొమ్మలు. ఆ అమ్మాయి మెసేజ్ తీసేసింది.

ఇలాంటప్పుడు "చిన్నవాళ్ళను గౌరవించండి" అని ఉపన్యాసం రాయకండి. లెక్కను మళ్ళీ బల్ల మీదకు తెండి. నేను ఆ అమ్మాయిని అడిగి మెసేజ్ మళ్ళీ పెట్టించాను. పెద్దాయన్ను "ఇందులో తప్పెక్కడుందో చెప్తారా" అని గ్రూపులోనే అడిగాను. ఆయన తన స్నేహితుడైన ఆడిటర్‌కి ఫోన్ చేశారు. ఆ 450 పోయింది. ఆ సంగతి తనే పట్టుకున్నట్టు ఆయన ఇప్పటికీ లిఫ్టులో చెప్తుంటారు. చెప్పుకోనివ్వండి, అమ్మాయి ఇప్పుడు ప్రతి నోటీసూ చదివి ప్రశ్నలు పెడుతోంది, నాకదే కావాలి.

కుర్రాళ్ళకు ఒక చిట్కా: "మీరు అప్‌డేట్ అవ్వాలి అంకుల్" అన్న ముక్కతో మొదలుపెడితే తర్వాత ఎంత నిజం చెప్పినా ఎవరూ వినరు. అంకె చెప్పండి, ఎక్కడుందో చూపించండి, ఆగండి. పెద్దవాళ్ళకూ ఒకటి. "మా కాలంలో ఇలా ఉండేది కాదు" అని రాస్తే నవ్వుతారు. "1990 మే తుపానుకు మాకు ఇన్ని రోజులు కరెంటు లేదు, బోరు దగ్గర ఇలా చేశాం" అని ఏడాదీ చోటూ పెట్టి రాస్తే అడిగి మరీ చెప్పించుకుంటారు.

మోసపోయినవాళ్ళను చూసి నవ్వితే

ఇక్కడ వెటకారానికి రూపాయల్లో ఖరీదుంది. మా చుట్టాల గ్రూపులో ఒక అత్తయ్య ఏదో ఫార్వర్డ్ నమ్మితే, "నీకు స్మార్ట్‌ఫోన్ ఎందుకు అత్తయ్యా, బటన్ ఫోన్ ఇప్పిస్తాం" అని పిల్లలు ఆటపట్టించారు. కొన్నాళ్ళకు ఆవిడకు శుభలేఖ పేరుతో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) వచ్చింది, నొక్కింది, అకౌంట్లో డబ్బు పోయింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ నవ్వుతారని. సైబర్ మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారకముందే అవతలి ఖాతాలో ఆపించే వీలుంటుంది. రెండు రోజుల తర్వాత ఏం ఆపుతారు?

ఆ ఆటపట్టించిన పిల్లల్లో ఒకడు, ఇంజినీరింగ్ చదివినవాడు, హోటళ్ళకు రేటింగ్ ఇస్తే డబ్బులిస్తామన్న పార్ట్‌టైమ్ ఉద్యోగానికి తన జీతం పోగొట్టుకున్నాడు. వాడూ దాచాడు. "చదువుకుని కూడానా?" అంటారని వాడి భయం.

అందుకే "ఇది నిజమేనా?" అని అడిగినవాళ్ళ మీద జోకు వేయడం మాత్రం నేను అసలు సహించను. ఎంత తెలివితక్కువ ఫార్వర్డ్ అయినా సరే. అడిగినవాళ్ళకు ముందు థాంక్స్ చెప్పి, తర్వాత జవాబు చెప్తాం. రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని, ఎవరు రాశారో ఎవరికీ తెలియదని అర్థం. పెద్దవాళ్ళకు ఆ బాణాలు ఒకసారి వేలు పెట్టి చూపిస్తే చాలు, తర్వాత వాళ్ళే పట్టేస్తున్నారు.

చేతిలో ఉన్న మీటలు

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను పంపినవాళ్ళు 15 నిమిషాల లోపు మార్చుకోవచ్చు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. మాట తేడాగా కనపడగానే విడిగా "చివరి వాక్యం తీసేయండి, మిగతాది బాగుంది" అని పంపుతాను. చాలామంది తీసేస్తారు. పరువు పోదు, పంచాయతీ ఉండదు. అడ్మిన్‌గా మీరే డిలీట్ చేస్తే, ఫలానా అడ్మిన్ తీసేశారని అందరికీ కనపడుతుంది. తీసిన మాట ఏమిటని అర్ధరాత్రి దాకా అదే చర్చ. బూతులకు, ఒకరి ఫొటో మీద వెక్కిరింపులకు తప్ప అది వాడకండి.

రాత్రి పది దాటాక మొదలైన గొడవకు "అడ్మిన్లు మాత్రమే" అని పెట్టేసి పడుకోండి, పొద్దున తెరవండి. మనిషిని గ్రూపులోంచి తీసేయడం చివరి పని. పెద్దవాళ్ళకొకటి, యూత్‌కొకటి అని గ్రూపు చీల్చమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. క్రికెట్‌కు వేరే గ్రూపు పెట్టుకోమనండి, అపార్ట్‌మెంట్ పనులకు మాత్రం ఒక్కటే ఉంచండి. వరద వచ్చిన రోజు ఏ గ్రూపులో ఎవరున్నారో వెతుక్కోలేం.

మౌనంగా ఉండిపోయినవాళ్ళను తిరిగి మాట్లాడించాలంటే ఫోన్ చేయండి. "ఎందుకు మాట్లాడటం లేదండీ?" అని అడిగితే "అబ్బే, ఏం లేదమ్మా" అంటారు, అక్కడితో సరి. వాళ్ళకు మాత్రమే తెలిసింది ఒకటి అడిగి, జవాబు గ్రూపులో పెట్టమనండి. మా మాస్టారిని బోరు ఎన్ని అడుగులకు వేశారో అడిగాను. బోరు వేసిన రోజు నుంచి మూడు భాగాలుగా రాశారు. రెండో భాగం దగ్గర కుర్రాళ్ళు పుర్రెలు పెట్టారు, ఈసారి ఆయనకు అర్థమైంది.

మా గ్రూపు వివరణలో ఉన్న మాటలు ఇవి. నచ్చితే కాపీ చేసుకోండి, పేరు వేయక్కర్లేదు:

"ప్రమాదం, డబ్బు, ఆరోగ్యం గురించి ఎవరు రాసినా మొదటి జవాబు జోకు కాదు. ఇది నిజమేనా అని అడిగినవాళ్ళను ఎవరూ నవ్వరు. డబ్బు పోతే ముందు 1930, తర్వాత గ్రూపు. వయసు చెప్పి ఎవరి నోరూ మూయించవద్దు, తప్పుంటే లెక్కలో చూపించండి. పని మెసేజ్‌లలో అందరికీ గారు. గుడ్ మార్నింగ్‌లు ఏడు లోపు, మనిషికి ఒకటి. పుర్రె అంటే నవ్వు."